చిన్న ఊద, పెద్ద ఊద: తేడా ఎక్కడ చూడాలి?
(ఇది ఒక చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

దాళ్వా మడి
ఒకే వరి మడిలో రెండు రకాల ఊద (వరిని పోలిన కలుపు గడ్డి) ఉంది. ఒకటి గట్టు పక్కన, మోకాలి ఎత్తు, మొదళ్లు నేలమీద వాలి ఉన్నాయి. రెండోది మడి మధ్యలో వరిని దాటి నడుము దాకా లేచింది. కంకి ఊదారంగు తిరిగి ఒక పక్కకి వంగింది, కానీ మీసాలు (గింజ కొనన వచ్చే వెంట్రుకలాంటి ముళ్లు) లేవు. ఎత్తున్నది పెద్ద ఊద (ఎకైనోక్లోవా క్రస్ గాల్లి), పొట్టిది చిన్న ఊద (ఎకైనోక్లోవా కొలోనా) అని రాసుకున్నాను. మీసం లేదు కాబట్టి రెండూ కొలోనాయే అని ఇంకొకరి వాదన. ఎవరిది సరైనది? పేరు తేలినంత మాత్రాన పొలంలో చేసే పని ఏమైనా మారుతుందా?

కంకిలెక్క
ఎత్తునీ నమ్మకండి, మీసాన్నీ నమ్మకండి. ఎరువు బాగా పడిన మడిలో కొలోనా కూడా 75 సెంటీమీటర్లు దాటుతుంది. ఎండిన గట్టు మీద పడ్డ క్రస్ గాల్లి జానెడు దగ్గరే కంకి వేసేస్తుంది. ఇక మీసం సంగతి: కొలోనాకి మీసం ఉండదు, కొన మాత్రం సూదిగా తేలుతుంది. ఆ మాట నిజం. తిప్పి చెబితేనే తప్పు. క్రస్ గాల్లిలో 5 సెంటీమీటర్ల మీసం ఉన్న మొక్కలూ ఉంటాయి, అసలు లేనివీ ఉంటాయి. ఒకే కంకిలో పై కొమ్మలకి మీసం లేక, కింది కొమ్మలకి ఉండటం కూడా మామూలే. కాబట్టి మీసం ఉంటే కొలోనా కాదని తేలుతుంది. లేకపోతే ఏమీ తేలదు.

చూడాల్సింది కంకి అడుగున ఉన్న మొదటి కొమ్మని. దాన్ని కాడ నుంచి తుంచి తెల్ల కాగితం మీద పెట్టండి.

కొలోనాలో ఆ కొమ్మ 1 నుంచి 3 సెంటీమీటర్లే. మళ్లీ చీలదు. గింజలు వరసలు తీర్చినట్టు, దాదాపు నాలుగు వరసల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పై కొమ్మకీ కింది కొమ్మకీ మధ్య కాడ ఖాళీగా కనపడుతుంది. కంకి మొత్తం 6 నుంచి 12 సెంటీమీటర్లు, సన్నగా, నిటారుగా.

క్రస్ గాల్లిలో కంకి 10 నుంచి 25 దాకా పోతుంది. కింది కొమ్మలు పొడుగు, పైగా వాటి మొదట్లో పిల్లకొమ్మలు వస్తాయి. గింజలు వరసల్లో ఉండవు, గుత్తులుగా కుక్కినట్టుంటాయి. అందుకే దూరం నుంచి కంకి చింపిరి జుట్టులా కనిపిస్తుంది.

గట్టుమీద
కంకిలెక్క అన్న చెప్పింది కరెక్టే గానీ, కంకి వచ్చినంక పేరు తెలుసుకుని ఏం జేస్తం? అప్పటికే గింజ రాలుడు మొదలైతది. 20 రోజుల లోపు, మూడు నాలుగు ఆకుల మీద గుర్తు పట్టే ఉపాయం ఉంటే చెప్పుండ్రి.

కంకిలెక్క
ఆ వయసులో వరికీ ఊదకీ తేడా నూటికి నూరుపాళ్లు చెప్పొచ్చు. ఊదలో ఏ రకమో మాత్రం సగం ఊహే.

ముందు వరి సంగతి. పిలకని మొదలు దగ్గర పట్టుకుని, మధ్య ఆకుని మెల్లగా వెనక్కి వంచండి. ఆకు బద్ద, కాండాన్ని చుట్టిన తొడుగు కలిసే చోట ఆకు మెడ ఉంటుంది. వరికి అక్కడ పల్చటి తెల్లని నాలుక నిక్కి ఉంటుంది, రెండు పక్కలా కొడవళ్లలా వంగిన, నూగున్న చెవులు ఉంటాయి. ఊదలో ఈ రెండు రకాలకీ నాలుకా లేదు, చెవులూ లేవు. మెడ దగ్గర పాలిపోయిన గీత ఒక్కటే. భూతద్దం కూడా అక్కర్లేదు, గోటితో ఆకు తొడుగుని కాస్త విప్పితే చాలు. తోడుగా, ఊద ఆకు మధ్య ఈనె తెల్లగా కొట్టొచ్చినట్టుంటుంది.

ఇక రెండు ఊదల మధ్య: మొలకలో కొలోనా ఆకు సన్నం, ముదిరినా 3 నుంచి 8 మిల్లీమీటర్లే. మొదలు చదునుగా నొక్కినట్టుండి, పిలకలు విసనకర్రలా నేలకి పరుచుకుంటాయి. నేలకి తగిలిన కణుపుల దగ్గర వేరు పోస్తుంది. క్రస్ గాల్లి ఆకు వెడల్పు, ముదిరితే 8 నుంచి 15 మిల్లీమీటర్లు, పిలకలు నిటారుగా లేస్తాయి. నీళ్లలో పెరిగిన దాని కాండం నొక్కితే మెత్తగా, బెండులా తగులుతుంది.

కొన్ని కొలోనా మొక్కల ఆకులకి అడ్డంగా ఊదారంగు పట్టీలుంటాయి. ఉంటే కొలోనా అని ధైర్యంగా అనుకోవచ్చు. చాలా మొక్కలకి ఉండవు కాబట్టి లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోకండి. మొదలు ఎర్రగా ఉందనే గుర్తు రెండింటికీ పనికిరాదు.

సస్యశాల
గింజ కొలతలు చెప్పకుండా వదిలేస్తే ఈ వాదన తెగదు. ఒక్క గింజని స్కేలు మీద పెట్టి కొలవబోతే సగం మిల్లీమీటరు అటూ ఇటూ తప్పు వస్తుంది. పక్వానికి వచ్చిన పది గింజలని కొన నుంచి కొనకి ఆనిస్తూ బారుగా పేర్చండి, మీసం లెక్కలోకి తీసుకోకుండా. పదీ కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య వస్తే కొలోనా వైపు, 30 నుంచి 40 మధ్య వస్తే క్రస్ గాల్లి వైపు. 29, 31 అలా వచ్చి ఆగిపోతే కొలతని పక్కన పెట్టి వెంట్రుకలు చూడండి.

పది రెట్ల భూతద్దం కింద కొలోనా పొట్టు మీద పొట్టి నూగు ఉంటుంది, చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. క్రస్ గాల్లి పొట్టు ఈనెల మీద బిరుసు వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక అడుగున చిన్న బొడిపె. కొమ్మ కాడ మీద, ముఖ్యంగా కొమ్మలు పుట్టే కణుపుల దగ్గర పొడుగు వెంట్రుకలు కూడా దీనికే ఎక్కువ. కొలోనా కాడ చాలావరకు నున్నన.

ఇంకో చిక్కుంది. మీసం లేని, నిటారైన ఊద మాగాణిలో కనపడితే క్రస్ గాల్లి అని రాసేముందు ఎకైనోక్లోవా గ్లాబ్రెసెన్స్ కాదని చూసుకోవాలి. దాని గింజలో కింది పూత పొట్టు ఉబ్బి, గట్టిగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. క్రస్ గాల్లిలో ఆ పొట్టు చదునుగా, మెరుపు లేకుండా ఉంటుంది. గింజని పక్కకి తిప్పి వెలుగులో చూస్తే ఉబ్బు తెలుస్తుంది. కాలవల్లో తేలే ఊద ఒకటుంది, ఎకైనోక్లోవా స్టాగ్నినా. బహువార్షికం, నాలుక ఉండాల్సిన చోట వెంట్రుకల వరస ఉంటుంది. 'ఊదకి నాలుక ఉండదు' అనే సూత్రం అక్కడ చెల్లదు.

నమూనా పంపేవారికి ఒక మాట. కంకి ఒక్కటే తుంచి ఫోటో పెడుతున్నారు. మొదలు, వేరు, ఆకు మెడ, కింది కొమ్మ నాలుగూ ఉండాలి, పక్కన స్కేలు పెట్టాలి. గింజ రాలకముందే, కంకి సగం బయటికి వచ్చి పూత కనపడుతున్నప్పుడు మొక్కని పీకి కాగితాల మధ్య నొక్కండి. ఆలస్యమైతే అరకొమ్మలే మిగులుతాయి.

ఊదల అంబలి
చర్చ కొంచెం పక్కకి పోయినా ఒకటి చెప్పాలి. మనం కొనుక్కుని వండుకునే ఊదలు ఈ కొలోనా నుంచి మచ్చికైనవే. సాగు ఊదకి శాస్త్రీయనామం ఎకైనోక్లోవా ఫ్రుమెంటేసియా. జపాన్, కొరియా, చైనాల్లో పండించే ఊద (ఎస్కులెంటా) క్రస్ గాల్లి నుంచి వచ్చింది. అంటే ఇంటిపేరు ఒకటే, పుట్టిళ్లు వేరు. రెండు కలుపు రకాలు, రెండు సాగు రకాలు, నాలుగింటికీ క్రోమోజోములు 54 అయినా, మన సాగు ఊదని జపాన్ ఊదతో సంకరం చేస్తే వచ్చే మొక్క గొడ్డుపోతుంది. కొలోనాతో కలిపితే గింజ కడుతుంది.

అందుకే ఊదలు పండించే చేలో కొలోనా కలుపు ఉంటే విత్తనానికి ఉంచుకోకండి. రాలే గుణం తిరిగి వచ్చేస్తుంది. సాగు ఊద కంకి లావుగా, కొమ్మలు లోపలికి వంగి, గింజ ఉబ్బి, పండినా కాడని అంటిపెట్టుకుని ఉంటుంది. అరచేతిలో కంకిని తేలిగ్గా రుద్దితే గింజలు జలజలా రాలాయంటే అది అడవి రకం.

గట్టుమీద
పేర్ల సంగతి కూడా అడుగుదామనుకున్న. మా దిక్కు అన్నిటినీ ఊదనే అంటరు. కొన్ని ఊర్లల్ల బొంత ఊద, ఒడిపిలి అని వేర్వేరు చేసి చెప్తరు గానీ, ఒక ఊర్ల అన్న పేరు పక్క ఊర్ల ఇంకో గడ్డికి ఉంటది. దుకాణంల 'ఊద మందు' అని అడిగితే ఏదో ఒకటి చేతిల పెడ్తరు.

సస్యశాల
అందుకే లాటిన్ పేరు. అదీ అంత సుఖమైనదేమీ కాదు. లిన్నేయస్ 1753లో పెద్దదానికి, 1759లో చిన్నదానికి పేరు పెట్టినప్పుడు రెండూ పానికం ప్రజాతిలో ఉండేవి. ఎకైనోక్లోవా ప్రజాతిని ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బోవా 1812లో విడదీశాడు. అర్థం చూస్తే ముళ్లపంది గడ్డి. 'క్రస్ గాల్లి' అంటే కోడి కాలు. కింది కొమ్మలు విచ్చుకున్న కంకిని తలకిందులుగా పట్టుకుంటే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. పాత పుస్తకాల్లో కొలోనమ్ అని కనపడితే కంగారు పడకండి, కొలోనాయే.

దాళ్వా మడి
గింజలు కొలిచాను. గట్టు పక్క మొక్కలో పదింటికి 25 మిల్లీమీటర్లు, కింది కొమ్మ 2 సెంటీమీటర్లు, చీలిక లేదు. మడి మధ్య మొక్కలో పదింటికి 34, కింది కొమ్మ 5 సెంటీమీటర్లు, మొదట్లో రెండు పిల్లకొమ్మలు. కణుపు దగ్గర వెంట్రుకలు ఉత్త కంటికే కనపడుతున్నాయి. కింది పొట్టుకి ఉబ్బు గానీ మెరుపు గానీ లేదు.

కంకిలెక్క
అయితే మీరు రాసుకున్నదే ఒప్పు, కారణమే తప్పు. మొదటిది కొలోనా, రెండోది మీసం లేని క్రస్ గాల్లి.

మందుడబ్బా
ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. పేరు తేలితే మారేది మందు కన్నా ముందు నీళ్లు.

రెండు విత్తనాలకీ వెలుతురు తగిలితే మొలక బాగా వస్తుంది. కొలోనా మరీ పైపైన పడి ఉంటేనే. 5, 6 సెంటీమీటర్ల లోతుకి పోతే పైకి రాలేదు. మట్టి మీద నీళ్లు నిలిస్తే కూడా లేవదు. కాబట్టి నాటిన మడిలో 2 నుంచి 5 సెంటీమీటర్ల నీరు ఎడతెగకుండా నిలిపితే కొలోనా బెడద గట్లకీ, మెరక చోట్లకీ పరిమితం. మీ మడిలో అది గట్టు పక్కనే ఉండటానికి కారణం ఇదే. చదును సరిగ్గా లేని మడిలో మెరక ఎక్కడెక్కడ ఉందో కొలోనా పటం గీసి చూపిస్తుంది.

క్రస్ గాల్లి అలా లొంగదు. గాలి సరిగ్గా అందని బురదలో కూడా మొలకెత్తి, మొలకని పొడుగ్గా సాగదీసి నీటిపైకి తల పెడుతుంది. పల్చటి నీరు దాన్ని తగ్గిస్తుంది, ఆపదు. ఆపాలని 10 సెంటీమీటర్లు పెడితే వెదజల్లిన వరి మొలకే ముందు మునుగుతుంది. నాటు మడిలో కూడా నాలుగు రోజులు ఆరబెట్టి మళ్లీ పెట్టడం వల్ల లాభం లేదు, ఆ నాలుగు రోజుల్లోనే రెండూ లేస్తాయి.

మెట్టలో పొడి విత్తనం వేసే వరిలో, చెరకులో, మొక్కజొన్నలో ఎక్కువగా కనపడేది కొలోనా. మొలిచిన నెల, నెలన్నరకే కంకి వేస్తుంది. పంట తిరిగేలోపు రెండు మూడు తరాల గింజ రాల్చగలదు. క్రస్ గాల్లి నిదానం, కానీ ఒక్కో మొక్క రాల్చే గింజ చాలా ఎక్కువ, అదీ వరి కోతకి ముందే.

గట్టుమీద
మందు డోసు గూడ జెప్పు అన్నా. బిస్పైరిబాక్ (కలుపు మందు) కొట్టినా ఊద చస్తలేదని అందరు మొత్తుకుంటున్నరు.

మందుడబ్బా
ఎకరానికి లెక్కలు ఇవి. డబ్బా మీది శాతం సరిచూసుకుని వాడండి.

నాటిన వరిలో: ప్రెటిలాక్లోర్ 50 శాతం ఈసీ (నీటిలో పాలలా కలిసే ద్రవం) 500 మి.లీ., నాటిన 3 నుంచి 5 రోజుల లోపు, 20 కిలోల పొడి ఇసుకలో కలిపి, పల్చగా నీరు నిలిచిన మడిలో సమానంగా చల్లాలి. ఇది మొలకని చంపుతుంది, లేచిన మొక్కని కాదు. రెండాకులు విచ్చిన ఊద మీద చల్లితే డబ్బు దండగ.

పొడి విత్తనం వేసిన చేలో: పెండిమిథాలిన్ 30 శాతం ఈసీ 1.3 లీటర్లు, విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేలలో తడి ఉండగా. పొడి దుమ్ము మీద కొడితే పొర ఏర్పడదు. దమ్ము చేసి మొలక గింజ చల్లిన మడిలో దీన్ని వాడకండి, వరి మొలక దెబ్బతింటుంది.

లేచిన ఊదకి, రెండు నుంచి నాలుగు ఆకుల దశలో, రమారమి 15 నుంచి 20 రోజులకి: బిస్పైరిబాక్ సోడియం 10 శాతం ఎస్‌సీ (నీటిలో కలిసే చిక్కటి ద్రవం) 100 మి.లీ., లేదా సైహలోఫాప్ బ్యుటైల్ 10 శాతం ఈసీ 300 నుంచి 320 మి.లీ. రెండు ఊదల మీదా రెండూ పనిచేస్తాయి. కొలోనా తొందరగా పిలక వేస్తుంది కాబట్టి దానికి 20వ రోజు దాకా ఆగొద్దు.

ఇక 'చావట్లేదు' అనే గొడవ. చాలాసార్లు కారణం లెక్క తప్పడమే. ఎకరానికి 200 లీటర్ల నీరు అనుకుంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర. 100 మి.లీ.ని పన్నెండున్నరతో భాగిస్తే ట్యాంకుకి 8 మి.లీ. ఈ 8 మి.లీ. అనే అంకె మాత్రం గుర్తు పెట్టుకుని, ఎకరానికి ఆరు ట్యాంకులే కొట్టి వచ్చేస్తారు. పడింది 48 మి.లీ., అంటే సగం కూడా కాదు. ట్యాంకులు తక్కువైతే ట్యాంకుకి పోసే మందు పెరగాలి. ఆరు ట్యాంకులకి ట్యాంకుకి సుమారు 17 మి.లీ.

రెండో కారణం నీళ్లు. కొట్టే ముందు రోజు మడిలో నీరు తీసేయాలి, ఊద ఆకులు మొత్తం బయటపడాలి. సగం మునిగిన మొక్క సగం మందే తాగుతుంది. కొట్టిన 24 నుంచి 48 గంటల్లో మళ్లీ నీరు పెట్టి వారం దాకా తీయకూడదు. చాలామంది తీయడం గుర్తుంచుకుంటారు, పెట్టడం మరిచిపోతారు. కొత్త విడత ఊద అక్కడే పుడుతుంది.

మూడోది కలపడం. సైహలోఫాప్‌తో 2,4-డి (వెడల్పాకు కలుపు మందు) కలిపి ఒకే ట్యాంకులో కొడితే గడ్డి మీద దాని పని మందగిస్తుంది. వెడల్పాకు కలుపుకి విడిగా, వారం తేడాతో కొట్టాలి.

సస్యశాల
నాలుగో కారణం కూడా ఉంది: మిగిలింది ఊద కాకపోవడం. బిస్పైరిబాక్‌కి లెప్టోక్లోవా చైనెన్సిస్ అనే వేరే గడ్డి లొంగదు. ఊద చచ్చి అది ఖాళీలో విజృంభిస్తే, దూరం నుంచి చూసినవారికి 'ఊద చావలేదు'. ఆకు మెడ విప్పి చూడండి. లెప్టోక్లోవాకి కొన చిరిగిన పొరలాంటి నాలుక ఉంటుంది. కంకి కొమ్మలు దారాల్లా సన్నగా, లేత ఎరుపులో విచ్చుకుంటాయి. అలాంటి మడికి సైహలోఫాప్ నయం.

గట్టుమీద
మందుకు అలవాటు పడ్డదంటరు గదా, అదంతా ఉత్తదేనా?

మందుడబ్బా
ఉత్తది కాదు. ప్రొపానిల్ అనే కలుపు మందుకి లొంగని క్రస్ గాల్లి అమెరికాలోని ఆర్కాన్సా వరి పొలాల్లోనూ, లొంగని కొలోనా మధ్య అమెరికా వరి పొలాల్లోనూ ఎప్పుడో బయటపడ్డాయి. ఆస్ట్రేలియాలో గ్లైఫోసేట్ అనే కలుపు మందుకి లొంగని కొలోనా 2007లో తేలింది. కానీ లెక్క తప్పిన ప్రతి మడినీ ఆ ఖాతాలో వేయొద్దు. పొలంలోనే తేల్చుకునే గుర్తు ఒకటుంది. సరైన డోసు, సరైన దశలో పడ్డాక పక్కపక్కనే ఒకే వయసు మొక్కల్లో ఒకటి పూర్తిగా మాడి, ఇంకొకటి పచ్చగా ఉంటే అనుమానించాలి. అన్నీ ఒకేలా పసుపెక్కి మళ్లీ చిగురిస్తే అది డోసు లోపం. పాయలు పాయలుగా మిగిలితే నాజిల్ పక్కకి పోయింది. అనుమానం ఉన్న మొక్కల్ని గింజ పట్టకముందే పీకేయండి, మరుసటి పంటకి వేరే తరహా మందుకి మారండి.

ఊదల అంబలి
పీకిన గడ్డిని పశువులకి వేసేవారు ఒకటి చూసుకోవాలి. రెండూ మంచి మేతే. అయితే యూరియా చల్లిన కొద్దిరోజులకే, అందులోనూ వాడుముఖం పట్టిన క్రస్ గాల్లిలో నైట్రేటు పేరుకుంటుంది. ఖాళీ కడుపుతో ఉన్న పశువుకి అదొక్కటే మోపు వేయకండి, ఎండుగడ్డితో కలిపి కొద్దికొద్దిగా పెట్టండి. మందు కొట్టిన మడిలోది అసలు వద్దు.

దాళ్వా మడి
చివరిగా ఒక్కటి. వచ్చే పంటకి నారుమడిలోనే ఆపాలంటే? ఈసారి ఊద కుదుళ్లు వరి కుదుళ్లలోంచే లేచాయి, వరసలో ఉన్నాయి.

కంకిలెక్క
వరసలో ఉన్నాయంటే అది మడిలో మొలిచింది కాదు, మీ కూలీలు నాటింది. నారు కట్టతో పాటు వచ్చింది. నాటిన మడిలో ప్రెటిలాక్లోర్ దాన్ని ఏమీ చేయలేదు, అప్పటికే అది మూడు వారాల మొక్క.

నారుమడి చోటుకి విత్తే 15 రోజుల ముందు తడి ఇచ్చి వదిలేయండి. పై పొరలోని ఊద ఒక విడత లేస్తుంది. అప్పుడు పైపైన గుంటక తోలి చంపండి. లోతు దున్నితే అడుగున పడుకున్న పాత విత్తనాన్ని వెలుతురులోకి తెచ్చినట్టే. ఆ తర్వాతే దమ్ము. వడ్లని ఉప్పునీటిలో వేసినప్పుడు తేలిన తాలుతో పాటు ఊద గింజ చాలావరకు పైకి వస్తుంది, దాన్ని గట్టు మీద పారబోయకండి. నారు పీకే రెండు రోజుల ముందు ఒకసారి మడి చుట్టూ వంగి, తెల్ల ఈనె కనపడిన మొక్కల ఆకు మెడ విప్పి చూడండి. నాలుక లేనిదల్లా పీకేయడమే.

గట్టుమీద
పీకినదాన్ని గట్టు మీద పారేయకుండ్రి. కొలోనా అయితే కణుపు తడికి తగిలితే సాలు, మళ్ల ఏరు పోస్తది.